ఎడమచేతి వీధి

మేడ మీద గది
ఆదివారం పొద్దున

వదినా,

రైలు తిరిగింది! గది చుట్టూ ఒక పూర్తి చుట్టు, ఎక్కడా పట్టా తప్పకుండా, కిటికీ కింద మలుపులో కూడా ఒరగకుండా తిరిగొచ్చి బుద్ధిగా స్టేషన్లో ఆగింది. నేనొక్కదాన్నే నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను. కింద అద్దెకున్న టీచరమ్మ ఏం కొంప మునిగిందోనని పైకి పరిగెత్తుకొచ్చింది. సంగతి చెబితే, "ఈ వయసులో బొమ్మ రైలా అండీ!" అని బుగ్గలు నొక్కుకుంది. నొక్కుకున్నదల్లా స్టూలు లాక్కుని కూర్చుని, ఇంకో రెండు చుట్లు తిప్పించుకుని మరీ వెళ్ళింది.

ఇప్పుడు అసలు సంగతి. రైలుంది, పట్టాలున్నాయి, స్టేషనుంది. స్టేషన్లోంచి బయటికి అడుగు పెడితే మాత్రం ఉత్త చెక్కబల్ల. ఊరు లేదు. ఏ ఊరు కట్టాలా అని బుర్ర గోక్కుంటుంటే నువ్వు గుర్తొచ్చావు. నువ్వు పుట్టింది పాత స్టేషన్ వీధిలోనే కదూ? మేం ఈ ఊరొచ్చేసరికే రోడ్డు వెడల్పు చేస్తామని ఆ వీధంతా పడగొట్టేశారు. అక్కడ బస్సులు ఆగే మైదానం తప్ప నేనేమీ ఎరగను. మా బొమ్మ రైళ్ళ క్లబ్బులో వాకబు చేశాను. స్టేషన్ ముఖద్వారం ఫోటోలు బోలెడు. వీధిది ఒక్కటంటే ఒక్కటీ లేదు.

క్లబ్బులో ఒక పోస్టుమాస్టరు గారున్నారని రాశాను కదా, రిటైరైన ఆయన. ఆయన చెవిన వేశానో లేదో, ఎగిరి గంతేశారు. ఈ ఏడు మేమందరం మా ఇళ్ళ తలుపులు తీసి మేం కట్టుకున్న బొమ్మ ఊళ్ళని జనానికి చూపించబోతున్నాం. ఆయన నాతో ఒక్క మాటైనా అనకుండా పేపర్లో వేయించేశారు: "పాత స్టేషన్ వీధిలో ఒకప్పుడు కాపురమున్నవారు తప్పక రండి, మీ వీధి మీకు మళ్ళీ కనిపిస్తుంది" అని. చదవగానే పేపర్ విసిరికొట్టాను. మరుక్షణం సంతోషంతో కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ల్యాబ్‌లో కూర్చుని పళ్ళ సెట్లు చేశాను. ఎవరైనా చూసి "అబ్బ, కట్టుడు పళ్ళు ఎంత బాగున్నాయో" అన్నారంటే నా పని చెడ్డట్టే. ఎవరూ గుర్తుపట్టకపోతేనే నేను గెలిచినట్టు. ఇప్పుడు ఒక్కసారి, ఎవరో ఒక్కరు నేను చేసినదాన్ని చూసి "ఇది మా వీధే!" అనాలి వదినా. నాకు కావాల్సింది అదే.

అందుకని నీకు గుర్తున్నదంతా రాయి. చిన్నదా పెద్దదా అని చూడకు. గోడ మీద మరక గుర్తున్నా రాయి. అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ ఆడపడుచు,
పిచ్చుక


వంటింటి బల్ల
బుధవారం

పిచ్చుకా,

"ఇంత రాసే బదులు ఫోన్ చెయ్యొచ్చుగా" అని మీ అన్నయ్య నస మొదలుపెట్టాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఊళ్ళో వాళ్ళందరి మాటలూ మోసిన చెవులివి, వాటికి సెలవిచ్చేశాను. పైగా రాస్తే మధ్యలో లైను తెగదు.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నేను ఇంట్లో లేను. ఒళ్ళు ఇక్కడ, మనసు అక్కడ. పాలు పొంగిపోయాయి, పట్టించుకోలేదు. రాసుకో.

మా నాన్న సెలూన్ వీధి మధ్యలో ఉండేది. అక్కణ్ణించి చూస్తే ఎడమ చివర స్టేషన్, కుడి చివర గడియార స్తంభం. ఇది ముందు తలకెక్కించుకో, మిగతాదంతా దీన్నిబట్టే. మాకు సరిగ్గా ఎదురుగా రొట్టెల దుకాణం. దానికి గులాబీ రంగు, అదీ మామూలు గులాబీ కాదు, జ్వరమొచ్చిన నాలుకలా ఉండేది. ముందు ఒక మెట్టు, దాని మూల విరిగిపోయి ఉండేది. దానికి ఎడమ పక్కన సైకిల్ షాపు, కుడి పక్కన గొడుగులు బాగుచేసే ముసలాయన. ఆయన గొడుగులన్నీ విప్పి గుమ్మానికి వేలాడదీసేవాడు. ఆ పక్కన ఫోటో స్టూడియో, పైన మేడ మీద ఎవరో ఎప్పుడూ దుప్పట్లు దులుపుతూ ఉండేవాళ్ళు. ట్రాం వచ్చిందంటే మా దుకాణంలో సీసాలన్నీ గలగలమనేవి.

నన్ను గుమ్మం దాటనిచ్చేవాళ్ళు కాదు. ట్రాములు, గుర్రబ్బళ్ళు, పిల్ల ఎక్కడ పడిపోతుందోనని. మా ఇల్లు దుకాణం వెనకే, దారి వెనక సందులోంచి. అందుకని సెలూన్లో బల్ల మీద కూర్చుని చూసిందే నా వీధి. చదవడం రాని వయసు. ఏ బోర్డు మీద ఏం రాసి ఉందో నాన్నే చెప్పేవాడు. నాకు అక్షరాలు వచ్చేలోపే ఆయన పోయాడు. మేం వీధీ వదిలేశాం.

ఎదురుగా ఫోటో స్టూడియో ఉండి కూడా మా నాన్న ఫోటో ఒక్కటీ లేదు, చూశావా! ఆయన ముఖం నాకు గుర్తున్నదల్లా పనిలో ఉన్నప్పటిదే. ఎడమచేతివాటం మనిషి. ఎడమచేత్తో కత్తెర టకటకలాడిస్తూ నవ్వు ఆపుకుంటున్నట్టు పెదవి బిగించేవాడు. వీధి ఎలా కట్టినా ఊరుకుంటాను కానీ, నాన్నని మాత్రం సరిగ్గా చెయ్యి. నా బుర్రలో తప్ప ఆయన ఇంకెక్కడా లేడు పిచ్చుకా.

నీ వదిన


మేడ మీద గది
మంగళవారం మధ్యాహ్నం

వదినా,

నీ ఉత్తరాన్ని గోడకి అంటించి పని చేస్తున్నాను. అది ఇప్పుడు సగం ప్లాస్టర్, సగం ఉత్తరం. చేతులు కడుక్కోకుండానే చదువుతానుగా.

వీధి లేచింది! ల్యాబ్‌లో పళ్ళ అచ్చులు పోసే ప్లాస్టరే ఇక్కడా వాడుతున్నాను. ఆరేలోపు పంటి పని సూదితో ఇటుకలన్నీ గీస్తాను. ఒక్కో గోడ అగ్గిపెట్టెకి కొంచెం పెద్దది. రొట్టెల దుకాణం రంగు కోసం ఎన్ని కలిపినా కుదర్లేదు. చివరికి నా పాత సరుకులో చిగుళ్ళకి వాడే గులాబీ పొడి కనిపించింది. వేసి చూద్దును కదా, జ్వరమొచ్చిన నాలుకే! టీచరమ్మ చూసి, "ఈ దుకాణం నవ్వితే పళ్ళు కనిపిస్తాయేమో" అంది. మెట్టు మూల విరగ్గొట్టాను. గొడుగుల ముసలాయనకి వేలాడే గొడుగులు చేశాను, ఒక్కోటీ కందిగింజంత. నా కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకోవాల్సొచ్చింది.

మీ సెలూన్‌ని బల్లకి ఇవతలి అంచున పెట్టాను. దానికి వెనక గోడ కట్టలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ గోడ ఉండాల్సిన చోట నిలబడతారన్నమాట. ముందు లోపల కుర్చీ, కుర్చీ వెనక మనకి ఎదురుగా మీ నాన్న, ఆయన వెనక గుమ్మం, గుమ్మం అవతల వీధి. ఎలా ఉంది?

పోస్టుమాస్టరు గారు నిన్న వచ్చారు. చాలాసేపు చూసి ఒక్క మాటన్నారు. "అంతా బాగుందమ్మా, ట్రాములే రోడ్డుకి తప్పు పక్కన పోతున్నాయి" అని. నువ్వు రాసినట్టే పెట్టానన్నాను. మూతి తిప్పుకుంటూ వెళ్ళారు. నువ్వేమంటావు?

ఇంకో సాయం. మీ నాన్న కత్తెర నీ దగ్గరుందని అన్నయ్య ఒకసారి అన్నాడు. పంపుతావా? చూసి దాని పోలికలో చిన్నది చేసి ఆయన ఎడమచేతిలో పెడతాను. జాగ్రత్తగా తిరిగి పంపుతాను, ఒట్టు.

పిచ్చుక


వంటింటి బల్ల
శుక్రవారం

పిచ్చుకా,

మీ పోస్టుమాస్టరు గారిని ఉత్తరాల మీద ముద్రలు కొట్టుకోమను. ఆ వీధిలో పెరిగింది నేనా, ఆయనా? ట్రాములు ఆ పక్కనే పోయేవి. బహుశా మా వీధికి అదే పద్ధతేమో! స్టేషన్ దగ్గర మలుపు ఉంది కదా, అందుకని అలా వేసుంటారు. నాకు కళ్ళకి కట్టినట్టుంది. మార్చావంటే నేను నీతో మాట్లాడను.

కత్తెర పంపుతున్నాను. అమ్మ ఇచ్చినప్పుడు ఏ గుడ్డలో చుట్టి ఉందో ఆ గుడ్డలోనే ఉంది. దాంతో నేను దారప్పోగు కూడా తెంపలేదు. పార్శిల్ కడుతుంటే మీ అన్నయ్య, "నా జుట్టు ఒకసారి కత్తిరించి పంపు, దానికీ పనుంటుంది" అన్నాడు. కత్తిరించడానికి అక్కడేముందని! తర్వాత వెళ్ళిపోయి తనే మంచి అట్టపెట్టె వెతుక్కొచ్చాడులే.

గొడుగులు కందిగింజంతా? నిన్ను కన్నందుకు మా అత్తగారికి దండం పెట్టాలి.

నీ వదిన


మేడ మీద గది
గురువారం

వదినా,

కత్తెర క్షేమంగా అందింది. చిన్నది చేశాను, చాలా బాగా వచ్చింది. కానీ ఒక సంగతి నీకు రాయాలా వద్దా అని తెగ గింజుకున్నాను. దాచిపెట్టి బొమ్మ నిలబెట్టేస్తే నువ్వు నా మీద పెట్టుకున్న నమ్మకానికి అర్థం లేదు. అందుకని రాస్తున్నాను. కోప్పడకు.

ఇది కుడిచేతి కత్తెర.

మా ల్యాబ్‌లో ఒక ఎడమచేతివాడుండేవాడు. వాడి పనిముట్లు మాకు, మావి వాడికి పనికొచ్చేవి కావు. అందుకని పనిముట్టుని పట్టుకోగానే నా చేతికి తెలుస్తుంది. మీ నాన్న కత్తెర నా కుడిచేతిలో ఇట్టే ఇమిడిపోయింది. ఎడమచేత్తో పట్టుకుంటే కాగితం తెగలేదు, రెండు రేకుల మధ్య మడతపడింది. సరే, ఎడమచేతివాళ్ళు కూడా అలవాటు చేసుకుంటారులే అనుకున్నాను. కానీ బొటనవేలు పెట్టే కన్ను చూశాను వదినా. కుడి బొటనవేలు ఆనే పక్కే అరిగి అద్దంలా ఉంది. రెండో పక్క కొత్తదానిలా ఉంది. ఇది ఎన్నో ఏళ్ళ అరుగుదల.

బహుశా ఆయన రెండు చేతులతోనూ పని చేసేవాడేమో. నువ్వేమంటే అదే పెడతాను.

పిచ్చుక


వంటింటి బల్ల
సోమవారం

అమ్మాయీ,

నువ్వు పళ్ళ గురించి ఏమైనా చెప్పు, వింటాను. మా నాన్న గురించి నాకు చెప్పకు. ఆయన్ని చూసింది నేను. నువ్వు చూసింది ఇనప ముక్క. నాకున్నది ఆ ఒక్క జ్ఞాపకం. అది కూడా తప్పంటే ఇంక నా దగ్గర మిగిలేదేమిటి?

నీ ఇష్టమొచ్చినట్టు పెట్టుకో. నన్నడక్కు.

వదిన


వంటింటి బల్ల
బుధవారం

పిచ్చుకా, పిచ్చుకా, నా తల్లీ,

ఆ ముందు ఉత్తరం చింపెయ్. అది చదివి నువ్వు ఏడ్చి ఉంటే నన్ను తిట్టు, పడతాను. కాస్త ఊపిరి పీల్చుకుని ఇది చదువు.

నిన్న మీ అన్నయ్య కంటి ఆపరేషన్‌కి ముందు ఉన్న నాలుగు వెంట్రుకలూ కత్తిరించుకుంటానన్నాడు. సెలూన్ మెట్లు ఒక్కడే ఎక్కలేడని నేనూ తోడు వెళ్ళాను. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. ఎన్నాళ్ళయిందో సెలూన్‌లో బల్ల మీద కూర్చుని! ఎదురుగా గోడ నిండా అద్దం. అద్దంలో మీ అన్నయ్య ముఖం, జుట్టు కత్తిరించే పిల్లాడి ముఖం, వాళ్ళ వెనక నేను, నా వెనక గుమ్మం, రోడ్డు. ఆ పిల్లాడు చక్కగా ఎడమచేత్తో కత్తిరిస్తున్నాడు. "ఏం బాబూ, నీది కూడా ఎడమచేతివాటమా?" అన్నాను. వాడు వెనక్కి తిరిగి, కత్తెర చూపించి, "కుడిచెయ్యేనండీ!" అని నవ్వాడు. మీ అన్నయ్య కూడా నవ్వాడు. నేను మాత్రం అద్దంలోకీ వాడి చేతికేసీ మార్చి మార్చి చూశాను.

అద్దం పిచ్చుకా! నేను మా వీధిని ఎప్పుడూ అద్దంలోనే చూశాను. నన్ను బల్ల మీద వీధికి వీపు పెట్టి, గోడవైపు తిప్పి కూర్చోబెట్టేవాడు మా నాన్న. వీధివైపు తిరిగి కూర్చుంటానని ఎంత ఏడ్చినా ఒప్పుకునేవాడు కాదు. అందరి పిల్లలూ వీధిలో ఆడుకుంటుంటే నేను గోడకేసి చూస్తూ కూర్చోవాలి. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు, నిజం చెబుతున్నాను. అలా కూర్చుని అద్దంలో చూసిన వీధినే నీకు రాశాను. స్టేషన్ ఎడమ కాదు, కుడి. గడియార స్తంభం ఎడమ. ట్రాములు సరిగ్గానే పోయేవి. మీ పోస్టుమాస్టరు గారికి నా తరఫున క్షమాపణ చెప్పు. నాన్నది కుడిచెయ్యే.

ఇప్పుడేం చేస్తావే? నువ్వు కట్టిందంతా తిరగబడింది. వీధి మొత్తం! నా మాట నమ్మి ఇంత చేశావు. జనం వచ్చే రోజు దగ్గరకొచ్చేసింది. వాళ్ళు చూసి ఇది మా వీధి కాదు పొమ్మంటే నీ ముఖం ఎలా ఉంటుందో తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదు. పగలగొట్టెయ్. వీలైనంత మళ్ళీ కట్టు. కుదరకపోతే తలుపు వేసేసి జ్వరమని చెప్పు.

నీ వదిన


మేడ మీద గది
శనివారం

వదినా!!

పగలగొట్టడమా? కందిగింజంత గొడుగుల్నా? నా ప్రాణం పోయినా కొట్టను.

నీ ఉత్తరం చదివి మొదట కూలబడ్డాను. నిజమే, దాచను. వీధికేసి చూస్తే నా వీధే నన్ను వెక్కిరిస్తున్నట్టనిపించింది. తర్వాత లేచి, ఎందుకో తెలీదు, నా చేతి అద్దం పట్టుకుని వీధికి వీపు పెట్టి నిలబడి భుజం మీంచి చూశాను. చూద్దును కదా, స్టేషన్ కుడికి వెళ్ళిపోయింది! ట్రాములు సరైన పక్కకి వచ్చేశాయి! మీ నాన్న కుడిచేత్తో కత్తిరిస్తున్నాడు! ఒక్క ఇటుక కదపక్కర్లేదు వదినా. వీధి తప్పు కాదు, మనం నిలబడ్డ తీరు తప్పు.

నా బీరువా తలుపుకి నిలువుటద్దం ఉంది కదా, దాన్ని ఊడదీశాను. టీచరమ్మ ఒక పక్క, పోస్టుమాస్టరు గారు ఒక పక్క పట్టుకుని గోడకి బిగించారు. బిగించేటప్పుడు ఆయన వేలు నలిగింది, అయినా ఈల వేసుకుంటూనే ఉన్నారు, "నేను ముందే చెప్పాను కదమ్మా ట్రాములు!" అని పాతికసార్లు అంటూ. అద్దానికి ఎదురుగా, వీధికి వీపు పెట్టి, పొడుగాటి బల్ల వేశాను. వచ్చినవాళ్ళు దాని మీద కూర్చుని అద్దంలో చూస్తారు. మీ సెలూన్‌లో నువ్వు కూర్చున్నట్టే!

మిగిలింది బోర్డులు. అవి మామూలుగా రాశాను కదా, అద్దంలో తిరగబడిపోయాయి. అన్నీ పీకేసి తిప్పి రాస్తున్నాను. అదేమంత కష్టం కాదులే, అచ్చుల్లో పని చేసినదాన్ని, తిరగేసి ఆలోచించడమే నా బతుకు. గడియార స్తంభం ముళ్ళు కూడా తిప్పాను. టీచరమ్మ పైకొచ్చినప్పుడల్లా టైము చూసి కంగారు పడుతోంది.

అయితే వదినా, ఒకటి తట్టింది. లోకమంతా ఈ వీధిని అద్దంలో చూడాలి. నువ్వొక్కదానివే నేరుగా చూడొచ్చు. నువ్వు చూసిన వీధి ఉన్నది ఉన్నట్టు ఇక్కడుంది, మీ నాన్నతో సహా. రావూ?

పిచ్చుక


వంటింటి బల్ల
మంగళవారం

పిచ్చుకా,

నీ బుర్రకి నా ముద్దులు. రాలేనే. మీ అన్నయ్య కంటికి కట్టు కట్టారు, అది ఎత్తి గంట గంటకీ చుక్కలు వెయ్యాలి. వేసే ముందే "అబ్బా" అంటాడు, చుక్క పడకుండానే! ఈయన్ని వదిలి ఎక్కడికి వచ్చేది?

జనాన్ని వీపు తిప్పి కూర్చోబెడితే కూర్చుంటారంటావా? నేనైతే పోట్లాడతాను. ఏమైనా సరే, ఆ రోజు అయిన వెంటనే రాయి. ఎవరు వచ్చారు, ఏమన్నారు, ఒక్క పొల్లు వదలకు. "ఇది మా వీధే" అన్నారో లేదో ముందు రాసి, మిగతాది తర్వాత రాయి. నా గుండె ఆగదు.

నీ వదిన


మేడ మీద గది
ఆదివారం సాయంత్రం

వదినా,

అన్నారు! ముందు రాయమన్నావుగా, రాశాను. అన్నారు, ఏడ్చారు, పోట్లాడుకున్నారు కూడా. ఇప్పుడు నెమ్మదిగా విను.

మొదట వచ్చింది రొట్టెల దుకాణం వాళ్ళ అమ్మాయి. అమ్మాయంటే ఇప్పుడు మనవలున్నావిడ. తర్వాత సైకిల్ షాపు అన్నదమ్ములిద్దరు. వాళ్ళు తిన్నగా రైలు బల్ల దగ్గరికెళ్ళి వీధిని నేరుగా చూశారు. నేను ఆపేలోపే ముఖాలు వాడిపోయాయి. "మన వీధిలాగే ఉంది కానీ... కాదు" అంది ఆవిడ. "అమ్మా, దయచేసి ఇలా వచ్చి, వీపు తిప్పి కూర్చోండి" అన్నాను. ఈవిడకి మతి పోయిందా అన్నట్టు చూశారు. కూర్చున్నారు.

రైలు ఒక చుట్టు తిరిగొచ్చింది. తర్వాత ఆవిడ చెయ్యి పైకి లేచింది. "మా మెట్టు! మా మెట్టు చూడండి, మూల విరిగి! ఇది మా వీధే!" అని అరిచింది. వెంటనే సైకిల్ షాపు పెద్దాయన, "ఆ మూల విరిగింది మావాడి వల్లే" అన్నాడు. చిన్నాయన, "నేను కాదు, నువ్వే!" అన్నాడు. ఆ వయసులో ఇద్దరూ నా బల్ల మీద కూర్చుని జుట్టూ జుట్టూ పట్టుకునేలా ఉన్నారు! నేను మేడమెట్ల మీదకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను వదినా. ఇంత సంతోషం నా ఒంటికి అలవాటు లేదు.

రోజంతా జనమే. బల్ల ఖాళీ కాలేదు. చివర్లో కర్ర ఊతంతో ఒకాయన వచ్చాడు, ట్రాం కండక్టరుగా పని చేసినాయన. ఆయన్ని టీచరమ్మ చెయ్యి పట్టి ఎక్కించింది. అద్దంలో చాలాసేపు చూశాడు. ట్రాములు చూశాడు, స్తంభం చూశాడు. తర్వాత ముందుకి వంగి సెలూన్‌లోకి చూసి, "అంతా ఉందమ్మా. పాప ఏదీ?" అన్నాడు.

"ఏ పాపండీ?" అన్నాను.

"సెలూనాయన కూతురు. బల్ల మీద ఉండాలిగా. ఆ పాప లేకుండా ఆ దుకాణం నేనెప్పుడూ చూడలేదు."

నువ్వు మా వదినవని చెప్పాను. ముఖం వెలిగిపోయింది. నిన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టేవాడని నీకింకా కోపమని కూడా చెప్పాను, క్షమించు, నోరు ఆగలేదు. ఆయన నావంక వింతగా చూసి అన్నాడు: "గోడవైపు ఎక్కడమ్మా, అద్దం వైపు! ఆయన పని చేసేటప్పుడు పాప తన వీపు వెనక ఉంటుంది. గుమ్మంకేసి తిరిగి కూర్చుంటే ఆయనకి పిల్ల ముఖం కనపడేదెలా? అద్దంకేసి తిప్పి కూర్చోబెడితే చేతిలో పని ఆగదు, కళ్ళముందు పిల్ల ఉంటుంది. అసలు ఆయన నా తల చూసిందెప్పుడు? ఎప్పుడూ అద్దంలో ఆ పాపనే చూస్తూ కత్తిరించేవాడు. ఇదిగో చూడు."

చెవి చూపించాడు. అంచున చిన్న గాటు.

"ఒకరోజు ఇది తెగింది. ఏంటయ్యా ఇది అని లేచాను. ఆయన నెత్తురు తుడుస్తూ, 'ఏమనుకోకండి, మా అమ్మాయి నవ్వింది' అన్నాడు. ఇంకేం కోప్పడతాం!"

ఇది నీకు ఎదురుగా ఉండి చెప్పాల్సిన మాట. ఆగలేక రాసేశాను.

నీ పిచ్చుక


వంటింటి బల్ల
బుధవారం

పిచ్చుకా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపిస్తూ మధ్యలో ఆగిపోయాను. ఆయన ఒంటికన్నుతోనే నా చేతిలోంచి తీసుకుని మిగతాది చదివాడు. ఇవ్వాళ కళ్ళల్లో చుక్కలు ఆయనకి అక్కర్లేకపోయాయి.

బతుకంతా నేను వీధిని చూశాననుకున్నాను. నాన్న ముఖం నాకింత బాగా ఎందుకు గుర్తుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పని చేసుకునే మనిషి, నాకు వీపు పెట్టి నిలబడే మనిషి. నాకు గుర్తుండాల్సింది ఆయన వీపు. కానీ ఎప్పుడు తలుచుకున్నా ఆయన నాకు ఎదురుగానే ఉంటాడు, నన్నే చూస్తూ. ఆ పెదవి బిగింపు ఎందుకో కూడా ఇప్పుడు తెలిసింది. నేను నవ్వేదాన్ని, ఆయన ఆపుకునేవాడు. ఎంత పిచ్చిదాన్నే, ఇన్నేళ్ళూ ఆయన మీద అలిగాను!

శనివారం కట్టు విప్పుతారు. ఆ మధ్యాహ్నం బండికే ఇద్దరం వస్తున్నాం. కండక్టరు గారిని ఆదివారం మళ్ళీ రమ్మను, కాదంటే నేనే వాళ్ళింటికి వెళ్ళి తీసుకొస్తాను. ఆ చెవి నేను చూడాలి. మీ పోస్టుమాస్టరు గారికి వేలు ఎలా ఉందో కనుక్కో.

పాప బొమ్మ నువ్వు చేసిపెట్టు. గౌను ఏ రంగైనా ఫరవాలేదు, జుట్టు మాత్రం పొట్టిగా ఉండాలి, మా నాన్న కత్తిరించినట్టు. బల్ల మీద మాత్రం నువ్వు పెట్టకు. నేనొచ్చి నా చేత్తో కూర్చోబెడతాను, అద్దం వైపే తిప్పి.

నీ వదిన